‘డాక్టరు ఎంత కాలమన్నాడు?’ అని స్నేహితుడు అడిగినప్పుడు

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న 27 ఏళ్ల పాఠకుడి ఉత్తరం ఇది. చాలా పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆయన సొంతూరు తెనాలి వైపు ఒక చిన్న పట్టణం. నాలుగో తరగతి నుంచి ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహితుడు ఒకరున్నారు. ఆ పిల్లవాడు అప్పటికే మునివేళ్ల మీద నడిచేవాడు. కింద కూర్చుంటే తొడల మీద చేతులు ఆనించుకుంటూ లేచేవాడు. తరగతి మేడ మీదికి మారిన ఏడాది ఈయనే అతన్ని వీపు మీద మోసుకుని మెట్లెక్కేవారు. ఎముకల డాక్టర్లు, నాటు వైద్యాలు అన్నీ అయ్యాక అది డుషేన్ మస్క్యులర్ డిస్ట్రోఫీ, అంటే కండరాలు క్రమంగా క్షీణించే జబ్బు అని తేలింది. పన్నెండో ఏట నడక పోయింది. పదో తరగతితో బడి ఆగిపోయినా ఇంటరు, డిగ్రీ ఇంట్లోనే ఉండి పూర్తి చేశాడు. ఇప్పుడతనికి 26 ఏళ్లు. చేతివేళ్లు మాత్రం కొద్దిగా కదులుతాయి. ఆ వేళ్లతోనే ఫోను నడుపుతాడు, సాయంత్రాలు వీధిలోని పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతాడు. రాత్రంతా, పగలు కొంతసేపు బైపాప్, అంటే మాస్కు ద్వారా గాలిని లోపలికి తోసే యంత్రం మీదే ఊపిరి.

పోయిన చలికాలంలో న్యుమోనియాతో రెండుసార్లు ఐసీయూలో ఉన్నాడు. రెండోసారి డాక్టరు తండ్రినీ, ఈయననూ పక్కకు పిలిచి, గుండె బాగా బలహీనపడిందని చెప్పారు. మళ్లీ ఇలాగే వస్తే గొంతుకు రంధ్రం చేసి వెంటిలేటర్ మీద ఉంచాల్సి రావచ్చని, అది కావాలో వద్దో ఇంట్లో ముందే ఆలోచించుకోమని అన్నారు. ఇక ఏళ్ల లెక్క కాదు, నెలల లెక్కే అనుకోమన్నారు. బయటికి రాగానే ఆ తండ్రి ఈయన చెయ్యి పట్టుకుని, "వాడికి తెలియనివ్వకు బాబూ" అన్నారు. ఈయన మాట ఇచ్చారు. కొన్నాళ్లకు ఒక అర్ధరాత్రి స్నేహితుడి నుంచి మెసేజ్ వచ్చింది: "డాక్టరు ఎంత కాలమన్నాడురా? నువ్వు నాకు అబద్ధం చెప్పవు." ఈయన "ఏమీ కాదురా, పడుకో" అని జవాబిచ్చారు. అప్పటి నుంచి ఫోన్ చేయలేదు. అతనూ మళ్లీ అడగలేదు.

ఇవి కాక ఇంకొన్ని చిక్కులున్నాయి. మూలకణాల (స్టెమ్ సెల్స్) ఇంజెక్షన్లతో నయమవుతుందని ఎవరో చెబితే తండ్రి అరెకరం అమ్మడానికి సిద్ధమవుతున్నారు. 23 ఏళ్ల చెల్లెలికి సంబంధాలు చూస్తున్నారు. "చెల్లికి జన్యు టెస్టు చేయించమని నాన్నతో నువ్వే చెప్పాలి" అని స్నేహితుడు ఒకసారి అన్నాడు. ఆ ఊసెత్తితే తల్లి "నా రక్తంలోనే ఉంది పాపం" అని రోజంతా అన్నం ముట్టరు. ఇప్పుడు ఆఫీసులో ఈయనకు ఏడాదిన్నర పాటు విదేశంలో పని చేసే అవకాశం వచ్చింది. నిజం చెప్పాలా, ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలా, చెల్లెలి విషయంలో కలగజేసుకోవచ్చా, తాను వెళ్లిపోతే ద్రోహం చేసినట్టా అని అడిగారు. చివరన ఇంకో వాక్యం రాశారు: "వాడి ముందు లేచి నడవాలంటే నాకు సిగ్గుగా ఉంటోంది."

సమాధానం:

ముందు ఆ మెసేజ్ సంగతి మాట్లాడుకుందాం. మిగతా చిక్కులన్నీ దాని వెనకే ఉన్నాయి.

మీ స్నేహితుడికి తెలియదని మీరూ, వాళ్ల నాన్నగారూ అనుకుంటున్నారు. పన్నెండో ఏట నుంచి చక్రాల కుర్చీలో ఉండి, చేతిలో ఫోనుతో డిగ్రీ చదివిన మనిషి తన జబ్బు గురించి చదవకుండా ఉంటాడా? డిస్ట్రోఫిన్ అనే ప్రొటీన్ తయారు కాకపోవడం వల్ల కండరాలు ఒక్కొక్కటీ పోతాయని, కాళ్లూ చేతుల తర్వాత ఊపిరి కండరాల వంతూ గుండె వంతూ వస్తుందని అతనికి మీకన్నా ముందే తెలిసి ఉంటుంది. ఒకప్పుడు ఈ జబ్బున్న పిల్లలు ఇరవై దాటడమే అరుదు. బైపాప్, గుండె మందులు వచ్చాక చాలామంది ముప్ఫైల దాకా బతుకుతున్నారు. 26 ఏళ్ల వయసు ఆ దారిలో ఎక్కడుందో అతను లెక్క వేసుకోలేడనుకోను. లెక్కలు చెప్పే మనిషి.

మరి మిమ్మల్ని ఎందుకు అడిగినట్టు? అతని రోజు ఎలా గడుస్తుందో చూడండి. మాస్కు తీయడానికి అమ్మ, పక్కకు తిప్పడానికి అమ్మ, మంచం మీంచి ఎత్తడానికి నాన్న కావాలి. గది తలుపు తనంతట తాను వేసుకోలేడు. డాక్టరు మాట కూడా నాన్న చెవి దాటాకే అతని దాకా వస్తుంది. ఆ ఇంట్లో ఎంత ప్రేమ ఉన్నా, అతను ఇంకా ఎత్తుకుని తిప్పే పిల్లవాడే. 26 ఏళ్ల మగవాడిగా అతనితో మాట్లాడే మనిషి మీరొక్కరే అయి ఉంటారు. ఆ రాత్రి అతను అడిగింది ఆ మనిషిని. ఎన్ని నెలలన్నది అడిగాడు, నిజమే. దానితోపాటు, నా గురించి నాకు తెలియకుండా మీరంతా ఏం మాట్లాడుకున్నారని అడిగాడు. చివర్లో ఊపిరాడక కొట్టుకుంటానా అని అడిగాడు. నువ్వూ వాళ్లలో కలిసిపోతావా అని కూడా అడిగాడు. "పడుకో" అన్న జవాబు ఆ చివరి ప్రశ్నకు "అవును" అని చెప్పినట్టయింది. ఇది మిమ్మల్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. అర్ధరాత్రి అలాంటి మాట తెర మీద కనబడితే ఎవరి చెయ్యి అయినా వణుకుతుంది. కానీ అతను మళ్లీ అడగకపోవడాన్ని ఊరటగా తీసుకోవద్దు.

తండ్రికి ఇచ్చిన మాట ఉంది కదా అంటారు. మాట నిలబెట్టుకుంటూ "ఏమీ కాదు" అనే ధోరణిలోనే ఉండవచ్చు. అప్పుడు ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, మీ ఇద్దరి మధ్య మాత్రం క్రికెట్టూ వాతావరణమే మిగులుతాయి. చెప్పాలనుకున్నవి చెప్పకుండానే అతను వెళ్లిపోయే ప్రమాదం ఉంది. లేదా తండ్రికి తెలియకుండా అతనికి అంతా చెప్పేయవచ్చు. అది అతనికి హక్కుగా రావాల్సిన సమాచారమే; అతను మేజరు, తెలివిలో ఏ లోటూ లేదు. కానీ ఆ తర్వాత అతను అమ్మానాన్నల ముందు తెలియనట్టు నటించాలి. రేపు అర్ధరాత్రి ఊపిరి అందకపోతే అతన్ని ఎత్తుకుని కారులో పడుకోబెట్టేది ఆ తండ్రే. ఆ తండ్రికి మీ మీద నమ్మకం పోవడం అతనికీ మంచిది కాదు.

నాకు నచ్చే దారి ఈ రెండింటికీ మధ్యది. ముందు తండ్రి దగ్గరికి వెళ్లండి. ఇంట్లో కాదు, బయట ఎక్కడైనా కూర్చోబెట్టి, "బాబాయ్, నాకై నేను ఏమీ చెప్పను. కానీ వాడు అడిగాడు. మళ్లీ అడిగితే అబద్ధం చెప్పలేను. వాడు ఒక్కడే భయపడుతున్నాడు. ఈసారి డాక్టరు దగ్గర వాడి ముందే మాట్లాడదాం" అని చెప్పండి. ఆయన కోప్పడవచ్చు, ఏడవవచ్చు. "చెబితే వాడు బెంగతోనే పోతాడు" అంటారు, మన ఇళ్లలో అందరూ అనే మాటే అది. అప్పుడు మెసేజ్ చూపించండి. కొడుకు తెలియక కాదు, తెలిసే అడుగుతున్నాడని కళ్లారా చూస్తే ఆయన మెత్తబడతారని నా నమ్మకం. మెత్తబడకపోయినా, మీరేం చేయబోతున్నారో ముందే చెప్పినట్టవుతుంది.

స్నేహితుడికి రాయడానికి మాత్రం అంతవరకూ ఆగవద్దు. ఇలా రాయండి: "ఆ రోజు నువ్వు అడిగినదానికి సరిగ్గా జవాబివ్వలేదురా. భయమేసింది. శనివారం వస్తున్నా. నీకు ఇష్టమైతే ఆ సంగతే మాట్లాడుకుందాం." అతను వద్దనవచ్చు. ఆ ఇష్టం అతనిదే. అవునంటే, నెలల లెక్కతో మొదలుపెట్టకండి. "నువ్వేమనుకుంటున్నావు? నీకు దేనికి ఎక్కువ భయంగా ఉంది?" అని అడిగి ఊరుకోండి. మాస్కులో ఉన్న మనిషికి మాట ఊపిరి వదిలేటప్పుడే వస్తుంది. రెండు మాటలు, విరామం, మళ్లీ రెండు మాటలు. ఆ విరామంలో అతని వాక్యాన్ని మీరు పూర్తి చేయకండి. అతను మెడ తిప్పకుండానే మీ ముఖం కనబడే చోట కూర్చోండి.

ఇద్దరే ఉండే చోటు ఎలా అంటారా? దానికి మీరు కొంత పని నేర్చుకోవాలి. ఆ తల్లి మధ్యాహ్నం పూట గుడికో, అక్కాచెల్లెళ్ల ఇంటికో వెళ్లి ఎన్నేళ్లయిందో అడగండి. మాస్కు పట్టీలు ఎంత బిగించాలి, ముక్కు దూలం మీద ఒరుసుకున్న చోట ఏం పెట్టాలి, ఒక పక్కకు తిప్పాక మోచేతి కింద తువ్వాలు ఎలా మడిచి పెట్టాలి, కింది వైపున్న చెవి మడత పడిందేమో ఎలా చూడాలి, ఇవన్నీ ఆమె దగ్గర నేర్చుకోండి. చెవి మడత పడితే పక్కవాళ్లకు కనబడదు, అతను చెయ్యెత్తి సరిచేసుకోలేడు, నొప్పి మాత్రం గంటల తరబడి ఉంటుంది. ఇవి వచ్చాక ఆమెను మూడు గంటలు బయటికి పంపగలరు. ఆమెకు విశ్రాంతి దొరుకుతుంది, మీ ఇద్దరికీ మూసిన తలుపు దొరుకుతుంది.

చివరి రోజుల భయానికి డాక్టర్ల దగ్గర జవాబుంది. పాలియేటివ్ కేర్, అంటే ఉపశమన చికిత్స చేసే వైద్యులను ఇప్పుడే కలవండి. పేరు వినగానే ఇక చేతులెత్తేశారని అనుకుంటారు గానీ, బైపాప్, గుండె మందులు నడుస్తుండగానే అదీ నడుస్తుంది. ఆయాసం భరించలేనంతగా ఉన్నప్పుడు తక్కువ మోతాదులో మార్ఫిన్ ఆ ఆందోళనను బాగా తగ్గిస్తుంది. ‘ఊపిరాడక కొట్టుకుంటానా’ అన్న ప్రశ్నకు "అలా కాకుండా చూసుకునే మార్గాలున్నాయి, ఆ డాక్టరుతో నువ్వే మాట్లాడు" అని మీరు నిజాయితీగా చెప్పవచ్చు.

ఇంకో పని మీ చేతులతో జరగాలి. ఒక కాగితం మీద అతని జబ్బు పేరు, వాడే మందులు, బైపాప్ సెట్టింగులు, చూసే డాక్టరు నంబరు రాసి మంచం పక్కన అతికించండి. ఈ జబ్బులో ఊపిరి కండరాల బలం తగ్గి, గాలి సరిగా ఆడక రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. బైపాప్ తీసేసి ఆక్సిజన్ ఒక్కటే పెడితే అది ఇంకా పెరిగి మనిషి మగతలోకి జారిపోవచ్చు. అర్ధరాత్రి చిన్న ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్నవారికి ఇది తట్టకపోవచ్చు. స్టెరాయిడ్లు వాడుతుంటే హఠాత్తుగా ఆపకూడదు. మత్తు ఇచ్చే డాక్టరుకు ఈ జబ్బు సంగతి ముందే తెలియాలి, ఎందుకంటే కొన్ని మత్తుమందులు వీళ్లకు ప్రమాదకరం. ఇవన్నీ ఆ కాగితం మీద ఉండాలి. ఉదయం లేవగానే తలనొప్పి, పగలంతా మగతగా ఉండటం మొదలైతే మాస్కు గాలి చాలడం లేదేమో చూపించాలి. కరెంటు పోతే బైపాప్ నడిచే ఇన్వర్టరు బ్యాటరీ ఎంతసేపు వస్తుందో ఒక పగటి పూట పరీక్షించి చూడండి.

ఇక వెంటిలేటర్ సంగతి. గొంతుకు రంధ్రం చేసి, గొట్టం ద్వారా ఇంట్లోనే వెంటిలేటర్ మీద ఏళ్లు బతికినవాళ్లు ఈ జబ్బులో ఉన్నారు. దానికి రాత్రింబవళ్లు కఫం తీసే మనిషి కావాలి, ఆగని కరెంటు కావాలి, డబ్బు కావాలి. ఊపిరిని యంత్రం మోసినా బలహీనపడిన గుండెను అది బాగుచేయదు. అందుకే అతని గుండె స్థితిలో దానివల్ల దక్కేదెంతో డాక్టరును సూటిగా అడగాలి. వద్దనుకుంటే మాస్కుతోనే, బాధ తెలియకుండా మందులతో, వీలైతే ఇంట్లోనే ఉండవచ్చు. కావాలనడం ప్రాణం మీద తీపీ కాదు, వద్దనడం పిరికితనమూ కాదు. ఎటు చెప్పినా చెప్పాల్సింది అతనే. ఐసీయూ తలుపు దగ్గర రాత్రి రెండు గంటలకు సంతకం పెట్టమని కాగితం చాపితే ఏ తండ్రీ "వద్దు" అనలేడు. తర్వాత ఆ సంతకం గురించి జీవితాంతం తలచుకుంటాడు.

ఈ దేశంలో మేజరైన మనిషి తనకు చివర్లో ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న తీర్పు చెప్పింది. అప్పట్లో మేజిస్ట్రేటు సంతకం కావాలన్న నిబంధన వల్ల అది కాగితానికే పరిమితమైంది. 2023 జనవరిలో దాన్ని సడలించి, ఇద్దరు సాక్షులతో నోటరీ ముందు గానీ గెజిటెడ్ అధికారి ముందు గానీ రాస్తే చాలన్నారు. తన తరఫున మాట్లాడేవాళ్ల పేర్లు అందులో రాయాలి. మనసు మారితే ఎప్పుడైనా మార్చుకోవచ్చు. అతను చేత్తో సంతకం చేయగలడో లేదో చూసి, ఆ ఏర్పాటు గురించి లాయరును ముందే అడగండి. మీ పేరు రాస్తానని అతను అంటే వెంటనే ఒప్పుకోకండి. ఆ రాత్రి తండ్రి ఎదురుగా నిలబడి "వాడు ఇది వద్దన్నాడు" అని చెప్పగలనా అని ఆలోచించుకుని చెప్పండి. చెప్పలేననిపిస్తే అదీ అతనికి చెప్పవచ్చు.

2004లో హైదరాబాద్‌లో జరిగిన సంగతి ఒకటి మీకు తెలియాలి. చదరంగం ఆడే వెంకటేశ్ అనే 25 ఏళ్ల యువకుడికి ఇదే జబ్బు. తాను పోయేలోగా తన అవయవాలు పనికివచ్చే స్థితిలో వేరేవాళ్లకు ఇవ్వాలని కోరాడు. అతని తల్లి సుజాతగారు ఆ కోరికను పట్టుకుని హైకోర్టు దాకా వెళ్లారు. బ్రెయిన్ డెత్ అయ్యాకే అవయవాలు తీసుకోవాలన్నది చట్టం కాబట్టి కోర్టు అనుమతించలేదు. ఆ డిసెంబరులోనే అతను కన్నుమూశాడు. కళ్లు మాత్రం దానం చేశారు. కోర్టులో గెలవకపోయినా, కొడుకుకు ఏం కావాలో ఆ తల్లికి తెలుసు, అడిగింది, వింది, దానికోసం నిలబడింది. మీ స్నేహితుడికి ఏం కావాలో ఆ ఇంట్లో ఇంకా ఎవరూ అడిగినట్టు లేరు. కళ్లు ఇవ్వాలనుకోవచ్చు, అది ఆరు గంటలలోపు జరగాలి కాబట్టి ఇంట్లోవాళ్లకు ముందే తెలిసి ఉండాలి. లెక్కల పిల్లలను ఎవరికైనా అప్పజెప్పాలనుకోవచ్చు. ఫోనులో ఎవరూ చూడకూడనివి ఉంటే మీరే తుడిచేయాలనుకోవచ్చు. ఇవి అమ్మకు చెప్పుకోలేని కోరికలు.

అరెకరం విషయంలో నాకు సందేహం లేదు. ఈ జబ్బును మూలకణాల ఇంజెక్షన్లు నయం చేస్తాయని రుజువు లేదు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, రక్తానికి సంబంధించిన కొన్ని జబ్బులకు తప్ప మిగతా వాటికి మూలకణాలను అనుమతి పొందిన ప్రయోగాల్లోనే వాడాలి, ప్రయోగంలో ఉన్న రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. "ఇది ప్రయోగమైతే డబ్బెందుకు అడుగుతున్నారు?" అని తండ్రినే ఆ క్లినిక్కులో అడగమనండి. ‘పొలం అమ్మవద్దు’ అని మీరు చెబితే కొడుకు మీద ఆశ వదులుకోమన్నట్టు వినబడుతుంది. అందుకని, ‘ఆ డబ్బుతో రాత్రిపూట ఒక మనిషిని పెట్టుకుంటే పిన్ని కాస్త నిద్రపోతుంది కదా’ అనండి. ఆంధ్రప్రదేశ్‌లో కండరాల క్షీణతతో మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమైన వారి పింఛను 2024లో నెలకు 15,000 రూపాయలైంది. అతనికి ఏ పింఛను వస్తోందో, సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్టులో ఏమని రాసి ఉందో చూడండి. మామూలు వికలాంగుల కోటాలోనే ఉండిపోయిన కుటుంబాలుంటాయి. ఆఫీసుల చుట్టూ తిరగడం ఆ తండ్రి వల్ల కాదు, మీ వల్ల అవుతుంది.

చెల్లెలి సంగతిలో తొందర ఉంది, కానీ అది పెళ్లి తొందర కాదు. డిస్ట్రోఫిన్ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. మూడింట రెండు వంతుల కేసుల్లో అందులోని లోపం తల్లి నుంచి వస్తుంది. మిగతా వాటిలో బిడ్డలోనే కొత్తగా ఏర్పడిన మార్పు. కాబట్టి ‘నా రక్తంలోనే ఉంది’ అనుకుంటున్న ఆ తల్లి వాహకురాలో, అంటే లోపమున్న జన్యువును మోస్తున్న మనిషో కాదో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. వాహకురాలే అయినా అది ఆమె చేసినదీ కాదు, ఆపగలిగినదీ కాదు. ఆ మాట ఆమెకు కొడుకు నోటి నుంచి వస్తే దానికి ఉండే విలువ వేరు. అతన్నే చెప్పమనండి. తల్లి వాహకురాలైతే కూతురు కూడా వాహకురాలయ్యే అవకాశం సగానికి సగం.

ఇక్కడ మీరు చేయాల్సిన మొదటి పని పాత ఫైలు తెరవడం. జన్యువులో ఏ చోట లోపముందో చూపే రిపోర్టు అందులో ఉందా? చాలా ఇళ్లలో కండరాల దెబ్బను చూపే సీపీకే రక్తపరీక్షా, కండరం ముక్క పరీక్షా మాత్రమే ఉంటాయి. అన్నలో ఏ మార్పు ఉందో తెలిస్తే చెల్లెలిలో దాన్నే వెతకడం సులువు. అతను లేకుండా పోయాక ఆ వెతుకులాట కష్టమవుతుంది. రిపోర్టు లేకపోతే ఇప్పుడే అతని అనుమతితో రక్త నమూనా ఇప్పించండి. హైదరాబాద్‌లో డీఎన్‌ఏ పరీక్షల కేంద్రం సీడీఎఫ్‌డీ, నిమ్స్ ఆసుపత్రి ఈ పనికి తగిన చోట్లు. అరుదైన జబ్బుల కేంద్రం కూడా అక్కడే. చెల్లికి టెస్టు కావాలన్న అతని తపనలో, తన జబ్బు చెల్లికి ఒక మేలైనా చేయాలన్న కోరిక ఉందని నాకనిపిస్తోంది.

అక్కడితో మీరు ఆగాలి. పరీక్ష చేయించుకోవాలా, ఫలితం ఎవరికి చెప్పాలి అన్నవి ఆ అమ్మాయి నిర్ణయాలు. అన్న కోరికను తండ్రి ద్వారా కాకుండా ఆమెకే నేరుగా చెప్పండి, వీలైతే అతని ఎదుటే. చేయించుకోకపోతే సంబంధం కుదరడం సులువు కావచ్చు. తర్వాత కొడుకు పుట్టి నడక ఆలస్యమైన రోజున ఆ ఇంట్లో ఏమవుతుందో కూడా ఆలోచించాలి. చేయించుకుని వాహకురాలు కాదని తేలితే జీవితాంతం ఉండే బెంగ తీరుతుంది. అవునని తేలితే గర్భంలో పదకొండో వారం దాటాక పరీక్ష చేసే వీలుంది. లింగనిర్ధారణ నిషేధ చట్టం ఇలాంటి జన్యు జబ్బులకు నమోదైన కేంద్రాల్లో పరీక్షను అనుమతిస్తుంది. వాహకులైన ఆడవాళ్లకు గుండె బలహీనత వచ్చే అవకాశం ఉంది కనుక అప్పుడప్పుడు ఎకో (గుండె స్కానింగు) చేయించుకోవాలి, అది పెళ్లితో సంబంధం లేని సంగతి. పెళ్లివారికి మాత్రం మీ నోటి నుంచి ఒక్క మాట కూడా వెళ్లకూడదు.

మీ ఆఖరి వాక్యం దగ్గరికి వస్తాను. అతని ముందు నడవాలంటే సిగ్గుగా ఉందన్నారు. అతను మీ వీపు మీద మేడ ఎక్కినవాడు. మీ కాళ్ల బలం అతనికి చిన్నప్పటి నుంచి తెలుసు, దాని మీద కోపం ఉంటే ఎప్పుడో బయటపడేది. సిగ్గుతో మీరు చేస్తున్నదేమిటంటే, మీ జీవితాన్ని అతనికి చెప్పడం మానేశారు. ఆఫీసు గొడవలు, కొత్త బండి, నచ్చిన అమ్మాయి, ఏవీ ఎత్తడం లేదనుకుంటాను. అతని చుట్టూ రోజంతా మందులూ మాస్కూ కఫం గురించిన మాటలే. మీరు తెచ్చే గోల కూడా లేకపోతే అతనికి బయటి ప్రపంచం ఇంకేముంది? మీ మేనేజరును అతని ముందు తిట్టండి. మీ విషయాల్లో అతని సలహా అడగండి. ఇన్నాళ్లూ సాయం తీసుకున్న మనిషికి, సాయం చేసే వంతు దొరకడం చిన్న సంగతి కాదు.

మీ దుఃఖం గురించి మీరు ఒక్క ముక్కా రాయలేదు. మన పద్ధతుల్లో స్నేహితుడికి మైల లేదు, కర్మకాండలో చోటు లేదు, ఆఫీసులో సెలవూ లేదు. పదకొండు రోజులూ ఆ ఇంట్లో ఎక్కడ కూర్చోవాలో మీకు తోచదు. ఇప్పటి నుంచే కొన్ని సెలవులు దాచుకోండి. అన్నీ నింపుకుని ఒక్కరే మోయకుండా, మీ ఇద్దరికీ తెలిసిన పాత క్లాస్‌మేట్లలో ఒకరిద్దరిని ఇప్పుడే దీంట్లోకి తీసుకురండి. వాళ్లూ ఏం మాట్లాడాలో తెలియకే రావడం మానేసి ఉంటారు.

విదేశం సంగతి. వెళ్లడం ద్రోహం కాదు. కానీ వెళితే, ఆ రోజు మీరు చేరుకోలేకపోవచ్చని ఒప్పుకునే వెళ్లాలి, అతనికీ ఆ మాట చెప్పే వెళ్లాలి. వెళ్లకపోతే, ‘నీకోసం మానుకున్నాను’ అన్నది ఎప్పుడూ, కోపంలో కూడా, అతని మీద పెట్టకూడదు. అలా పెట్టనని నమ్మకం లేకపోతే వెళ్లడమే మేలు. మూడో దారి, కొన్ని నెలలు వాయిదా అడగడం. కంపెనీ ఒప్పుకోవచ్చు, అవకాశం ఇంకొకరికి పోనూవచ్చు. మీ స్థానంలో ఉంటే నేను వాయిదా అడిగేదాన్ని. ఉద్యోగాల్లో ఇలాంటి అవకాశం మళ్లీ వస్తుంది. మీ ఇంటి అప్పులూ బాధ్యతలూ నాకు తెలియవు కాబట్టి నా మాటనే పట్టుకోకండి. వెళ్లినా, రోజూ చేస్తానని మాట ఇచ్చి తప్పడం కన్నా వారానికి రెండు రోజులు, లెక్కల క్లాసు అయ్యాక, అతనికి మాస్కు పెట్టకముందు ఫోన్ చేస్తానని చెప్పి ఆ వేళ తప్పకండి.

ఆఫీసుకు జవాబిచ్చే ముందు ఇంకో మనిషిని అడగండి. మీ స్నేహితుడికి ఈ విదేశం సంగతి ఇంకా చెప్పలేదని మీ ఉత్తరం చూస్తే అర్థమవుతోంది. శనివారం అదీ చెప్పండి. "వెళ్లరా" అంటాడో, "కొన్నాళ్లు ఆగు" అంటాడో నాకు తెలియదు. ఏమన్నా అది 26 ఏళ్ల మనిషి మాటగా వినండి. మెసేజ్ మాత్రం శనివారం దాకా ఆపకండి, ఈ రాత్రే పంపండి.